ఏం ఇష్టమో తెలియనప్పుడు దారి ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: మేడం, నాకు 29 ఏళ్లు. నల్గొండ జిల్లాలో ఒక పల్లె మాది. 2018లో బీటెక్ అయిపోగానే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కి చదవడం మొదలుపెట్టాను. 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ బాగా రాశాను, పేపర్ లీకైందని రద్దు చేశారు. మళ్లీ పెట్టిన దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో రాస్తే క్వాలిఫై కాలేదు. నాన్న ఇప్పటికీ నెలనెలా డబ్బు పంపుతున్నారు, పత్తి మీద ఆయనకు మిగిలేది ఎంతో నాకు తెలుసు. "అసలు నీకేం ఇష్టం అన్నా?" అని చెల్లి అడిగితే నోట మాట రాలేదు. లైబ్రరీ దగ్గర జూనియర్లకు పాలిటీ (రాజ్యాంగం, పాలన) చెప్పేటప్పుడు తప్ప రోజంతా ఏదో బరువు. ఊరెళ్తే మాత్రం తీరిక ఉండదు, ఎవరో ఒకరు కాగితాలు పట్టుకొస్తారు. మొన్న పక్కింటి పెద్దమ్మకు పాసుబుక్కులో భూమి తక్కువ పడిందని అర్జీ రాసిచ్చి, తహసీల్దార్ ఆఫీసుకు వెంట వెళ్లాను. ఊరివాళ్ల పనులు నీకెందుకని నాన్న కోప్పడ్డారు. చదవాలా, మానేయాలా? నాకంటూ ఒక దారి ఉందా?
- పేరు వద్దు, చిక్కడపల్లి

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ పరీక్షలు రద్దవడంలో నీ తప్పు ఏమీ లేదు. ఆ రెండేళ్లను నీ ఓటమి లెక్కలో వేసుకోకు. రాత్రిళ్లు నిద్ర పట్టక, బతుకు మీదే విసుగు పుట్టే దాకా వెళ్తే మాత్రం దాచుకోకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు.

ఇక నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ముడిపడిపోయాయి. గ్రూప్స్ కొనసాగించాలా అనేది ఒకటి, బతుకుకు దారేది అనేది ఇంకొకటి. మొదటిదానికి జవాబు దొరికితే గానీ రెండో దాని గురించి ఆలోచించకూడదని నువ్వు అనుకుంటున్నావు, అందుకే ఏళ్లకు ఏళ్లు గడిచిపోతున్నాయి. సివిల్స్‌కి అయితే జనరల్ వాళ్లకు 32 ఏళ్లు, 6 అటెంప్టులు అని ఒక హద్దు ఉంది. మన గ్రూప్-1కి 2024 నోటిఫికేషన్‌లో వయసు 46 దాకా పెంచారు. అది మంచికే చేశారు, కానీ ఇక చాలని చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా పోయారు. ఆ గీత నువ్వే గీసుకోవాలి. ఇంకో నోటిఫికేషన్ వరకు చదువుతావో, రెండింటి వరకు చదువుతావో నీ ఇష్టం, కానీ ఈ నెలలోనే తేల్చుకుని కాగితం మీద రాసి పెట్టుకో. ఈలోగా సాయంత్రం పూట ఏదో ఒక సంపాదన చూసుకో. పాలిటీ చెప్పడం వచ్చినవాడికి అశోక్‌నగర్‌లో పని దొరక్కపోదు, నాన్న పంపే డబ్బులో సగం తగ్గినా నీ గుండె మీద బరువు చాలా దిగుతుంది.

రెండో ప్రశ్న దగ్గర నీతో పేచీ పెట్టుకుంటాను. ఏం ఇష్టమో తెలియదంటున్నావు గానీ నీ ఉత్తరంలో ప్రాణం ఉన్న వాక్యాలు రెండే, జూనియర్లకు పాఠం చెప్పడం, పెద్దమ్మ అర్జీ. మిగతాదంతా తేదీలూ పరీక్షలూ. ఎవరూ పైసా ఇవ్వకపోయినా, ఇంట్లో తిట్లు పడుతున్నా నువ్వు మానకుండా చేస్తున్న పని ఊరివాళ్ల అర్జీలు రాసిపెట్టడమే. పాసుబుక్కులో విస్తీర్ణం తప్పు పడితే పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకలు ఎక్కడ తీసుకోవాలి, అర్జీలో సర్వే నంబరు ఎలా రాయాలి, ఇచ్చిన అర్జీకి రసీదు ఎందుకు అడిగి తీసుకోవాలి అన్నది ఆ పెద్దమ్మకు తెలియదు. నీకు తెలుసు. మన పల్లెల్లో ఇది తెలియకనే ఎంతమంది ఆఫీసుల మెట్లెక్కి దిగుతున్నారో నువ్వు కళ్లారా చూశావు. డిప్యూటీ కలెక్టర్ అయ్యాక చేద్దామనుకున్న సేవ కూడా ఇలాంటిదే కదా? దానికి ఆ కుర్చీ ఒక్కటే తోవ కాదు.

భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకో. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారని అందరూ చెబుతారు, నాకు ముఖ్యం అనిపించేది అది కాదు. ఆయన మొదట రామకృష్ణ మఠంలో సన్యాసి అవుదామనుకున్నారు, వైద్యం చదివింది ఆ తర్వాత. సొంత అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే తయారుచేసింది. ఏం ఇష్టమో ముందే తేల్చుకుని బయల్దేరిన మనిషి కాదాయన, ఇంట్లో జరిగిన కష్టమే ఆయన్ను అటు నడిపించింది. నీ దారి కూడా గదిలో కూర్చుని ఆలోచిస్తే దొరికేది కాదని నా గట్టి నమ్మకం.

కాబట్టి చిన్నగా పరీక్షించి చూసుకో. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. వాళ్లు పారా లీగల్ వాలంటీర్లను, అంటే న్యాయ సాయం కావాల్సినవాళ్లకు తోడుండే మామూలు మనుషులను తీసుకుంటారు, శిక్షణ ఇస్తారు, పనిచేసిన రోజుకు కొద్దిగా గౌరవ వేతనమూ ఉంటుంది. దాంతో ఇల్లు గడవదు, కానీ పెద్దమ్మ కోసం చేసిన పని అలాంటి పదిమందికి చేయడం నీకు పడుతుందో లేదో తెలుస్తుంది. పొద్దున్నుంచి ఆఫీసుల్లో పడిగాపులు పడి సాయంత్రానికి కూడా మళ్లీ రేపు వెళ్దామనిపిస్తే, లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరు. ఏ డిగ్రీ అయినా చాలు, జనరల్ వాళ్లకు 45 శాతం మార్కులుండాలి, వయసు అడ్డం కాదు. నువ్వు చదివిన రాజ్యాంగం ఒక్క ముక్క కూడా వృథా పోదక్కడ. విసుగొస్తే మానెయ్, పాఠం చెప్పడం వైపు చూడు. అటు కూడా నీకు చెయ్యి తిరిగే ఉంది.

నాన్నగారితో ఫోన్‌లో మాట్లాడకు, మాట మాటా పెరుగుతుంది. ఊరెళ్లినప్పుడు ఆయనతో పాటు చేనుకెళ్లి అక్కడ చెప్పు. నువ్వు రాసుకున్న గడువేంటో, వచ్చే నెల నుంచి ఎంత తక్కువ పంపితే చాలో ముందు చెప్పు, ఎల్‌ఎల్‌బీ మాట తర్వాత ఎత్తు. ఏళ్ల తరబడి పంపిన మనిషి, ఆయన వినాలనుకునేది ముందు ఆ లెక్కే.