సిఫార్సు లేఖ ‘అందలేదు’ అనే చూపిస్తోందా? సార్ స్పామ్ ఫోల్డర్ చూడండి

అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తులో మూడో సిఫార్సు లేఖ ఇంకా ‘అందలేదు’ అనే ఉందని, సార్ దగ్గర సీలు వేయించిన కవరు మీ దగ్గర ఉందని రాశారు. అలా చూపిస్తున్నది బహుశా మీ సార్ రాయక కాదు, లేఖ పెట్టమని విశ్వవిద్యాలయం పంపిన లింకు ఆయన కంట పడక. కడపలో మీరు సీలు వేయించి తెచ్చుకున్న కవరు ఈ దరఖాస్తుకు సాధారణంగా పనికిరాదు. లింకు నేరుగా సార్ ఈమెయిల్‌కే వెళ్తుంది, ఆయనే అందులో లేఖ పెట్టాలి.

1. దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌ను అక్షరం అక్షరం సరిచూడండి.

2. సార్ దగ్గరకు స్వయంగా వెళ్లి స్పామ్ ఫోల్డర్ తెరిపించండి. అందరూ వదిలేసేది ఇదే. ఫోనులో అడిగితే ‘ఏమీ రాలేదమ్మా’ అంటారు, ఇన్‌బాక్స్ ఒక్కటే చూస్తారు కనుక. అనంతపురంలో మా గైడు గారి పక్కన కూర్చుని వెతికితే, రెండు సదస్సుల ఆహ్వానాల మధ్య నా లింకు పదకొండు రోజులుగా పడి ఉంది. ఆయన ఎంత నొచ్చుకున్నారో!

3. అక్కడా లేకపోతే దరఖాస్తు పేజీలోని రిమైండర్ నొక్కండి. కొన్ని విశ్వవిద్యాలయాలు దరఖాస్తు సమర్పించాకే లింకు పంపుతాయి. కాబట్టి లేఖ కోసం దరఖాస్తును ఆపుకోకండి.

మీరు రాసిన గడువు, న్యూయార్క్‌లో డిసెంబరు 15 రాత్రి 11:59, మనకు 16వ తేదీ ఉదయం 10:29. దరఖాస్తు ఆలోపే వెళ్లాలి. లేఖ ఆలస్యమైతే విభాగానికి వెంటనే రాయండి. లేఖలకు కొన్ని రోజులు వెసులుబాటు ఇచ్చే విభాగాలు చాలానే ఉన్నాయి.