త్రీ స్టారా, ఫైవ్ స్టారా... ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. ఈ వేసవికి బెడ్‌రూమ్‌లో ఏసీ పెట్టిద్దామని షాపుల చుట్టూ తిరుగుతున్నాం. మావారు తక్కువ ధరది చాలంటారు. మా అబ్బాయికి వైఫై ఉండాలి. మా మరిది ఏ కంపెనీదైనా సరే ఫైవ్ స్టారే తీసుకోమంటున్నాడు. షాపులో మూడు చూపించి, "మధ్యది తీసుకోండి మేడమ్, అందరూ అదే పట్టుకెళ్తున్నారు" అన్నారు. ఒకే కంపెనీలో ఒకటిన్నర టన్నుల త్రీ స్టార్‌కీ ఫైవ్ స్టార్‌కీ 9,000 రూపాయల తేడా ఉంది. లేబుల్ మీద ఏడాదికి త్రీ స్టార్‌కి 1,000 యూనిట్లు, ఫైవ్ స్టార్‌కి 780 యూనిట్లు అని రాసుంది. మేం ఏసీ వేసేది ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా, అదీ రాత్రిళ్లే. ఏది తీసుకోమంటారు?
- ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: మీ వాడకానికి త్రీ స్టార్ చాలమ్మా. మీరే లెక్క వేసి చూసుకోవచ్చు. లేబుల్ మీద ఉన్న ఆ యూనిట్లు, ఏసీ ఏడాదికి 1,600 గంటలు నడుస్తుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (ఈ స్టార్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు అనుకుని వేసిన లెక్క. మీరు రాత్రికి 8 గంటల చొప్పున ఓ 75 రాత్రులు వేస్తారనుకున్నా 600 గంటలే అవుతుంది. అంటే లేబుల్ మీద కనిపించే 220 యూనిట్ల తేడా మీ ఇంట్లో 82 యూనిట్లకు అటూఇటూగా ఉంటుంది. ఏసీ వేస్తే కరెంటు బిల్లులో ఎక్కువ రేటుండే పై స్లాబులోకి వెళ్తారు కాబట్టి యూనిట్ 9 రూపాయలు వేసుకుందాం, ఏడాదికి 740 రూపాయలు మిగులుతుంది. ముందు ఎక్కువ పెట్టిన 9,000 తిరిగి రావడానికి 12 ఏళ్లు. అదే ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లుండి పగలూ రాత్రీ వేయాల్సి వస్తే కథ మారిపోతుంది, 1,600 గంటలకు దాదాపు 2,000 రూపాయలు ఆదా అవుతుంది, నాలుగున్నరేళ్లలో డబ్బు వెనక్కి వస్తుంది, అప్పుడు నేనే ఫైవ్ స్టార్ తీసుకోమంటాను. మీ మరిదిగారు చెప్పింది తప్పని కాదు, అది వాళ్లింటి వాడకానికి సరిపోయే సలహా అయ్యుంటుంది.

స్టార్లను మాత్రమే చూడకండి, యూనిట్లు చూడండి. స్టార్ల కొలత మారుతూ ఉంటుంది. 2022 జులైలో నిబంధనలు బిగించినప్పుడు అప్పటిదాకా ఫైవ్ స్టార్‌గా అమ్మిన చాలా మోడళ్లు ఫోర్ స్టార్‌కి దిగాయి, మిషన్ మాత్రం అదే. అందుకే లేబుల్ ఏ కాలానికి వర్తిస్తుందో కూడా చూసుకోండి, పాత స్టాకు ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఇంకో సంగతి, "ఒకటిన్నర టన్ను" అని అమ్మేవన్నీ ఒకే చల్లదనం ఇవ్వవు. లెక్క ప్రకారం ఒకటిన్నర టన్ను అంటే 5,275 వాట్లు, ఇది చల్లబరిచే శక్తి, తాగే కరెంటు కాదు. అదే లేబుల్ మీద కూలింగ్ కెపాసిటీ అనే చోట చూస్తే ఒకదానికి 5,200, ఇంకోదానికి 4,800 ఉండొచ్చు. పై అంతస్తులో ఎండ నేరుగా స్లాబు మీద పడే గది అయితే ఆ నాలుగు వందల వాట్లు బాగా తెలుస్తాయి. ధర కాస్త తక్కువని తీసుకున్నది మే నెలలో గది చల్లబరచలేక రాత్రంతా ఆగకుండా తిరుగుతుంటే, కరెంటూ పోయె, నిద్రా పోయె.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. మీ ఇంట్లో ముగ్గురు మూడు విషయాలు పట్టుకున్నారు, ఒకరు ధర, ఒకరు వైఫై, ఒకరు స్టార్లు. ఇలా ఎవరి లెక్క వాళ్లు పట్టుకుని షాపుకెళ్తే, ఏది ముఖ్యమో షాపువాళ్లే తేల్చేస్తారు. ఆ పని ఇంట్లోనే, ఒక్క మోడల్ కూడా చూడకముందే జరగాలి. ముందు ఏది లేకపోతే అసలు వద్దో రాసుకోండి. మీకైతే నేను రెండు చెప్తాను: ఆ కంపెనీ సర్వీస్ మనిషి ఖమ్మంలోనే ఉండాలి, గదికి సరిపడా చల్లదనం ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా ఎంత డిస్కౌంట్ ఇచ్చినా ఆ మోడల్ని జాబితాలోంచి కొట్టేయండి, ఎందుకంటే గ్యాస్ లీకై మెకానిక్ కోసం వారం రోజులు ఎదురుచూసే ఇంట్లో వైఫై ఉండి ఏం లాభం? మిగిలినవాటి మధ్య మాత్రం బేరీజు వేసుకోండి, ఇక్కడ కాస్త ధర ఎక్కువైనా చప్పుడు తక్కువని సర్దుకోవచ్చు, అక్కడ వైఫై లేకపోయినా వారంటీ ఎక్కువని సర్దుకోవచ్చు. చాలామంది ఈ రెండు పనులూ కలిపేసి అన్నిటికీ మార్కులు వేసుకుంటూ కూర్చుంటారు, నా అనుభవంలో టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది.

మధ్యది తీసుకోమన్నారన్నారు కదా. మూడు ధరలు పక్కపక్కన పెడితే మనిషి మనసు మధ్యదాని మీదికి పోతుంది, మరీ చవకది కొన్నామన్న బాధ ఉండదు, మరీ ఎక్కువ పెట్టామన్న బాధా ఉండదు. ఇటమార్ సైమన్‌సన్ అనే మార్కెటింగ్ ప్రొఫెసర్ 1989లోనే ప్రయోగాలు చేసి దీన్ని చూపించారు. కాబట్టి ఆ మూడింట్లో అన్నిటికన్నా ఖరీదైనదాన్ని చేత్తో మూసేసినట్టు అనుకుని మళ్లీ చూడండి. అప్పుడూ ఆ మధ్యదే కావాలనిపిస్తే నిశ్చింతగా తీసుకోండి. అప్పుడు మనసు మారితే మాత్రం, మీరు ఎంచుకున్నది ఏసీని కాదు, మధ్య స్థానాన్ని.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాను. 15,000 లోపు ఫోన్ కొనాలి. రాత్రి రెండింటి దాకా రివ్యూలు చూస్తున్నాను, చూసేకొద్దీ ఇంకా కన్‌ఫ్యూజ్ అవుతున్నాను. కార్ట్‌లో పెడితే "రెండే మిగిలాయి, త్వరపడండి" అని వస్తోంది.
- ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రెండింటి దాకా మేలుకోవడం మానెయ్. అన్నిటికన్నా మంచి ఫోన్ ఏదో తేల్చుకోవాలని కూర్చుంటే తేలదు, వారం వారం కొత్తది వస్తూనే ఉంటుంది. హెర్బర్ట్ సైమన్ అని 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న పెద్దాయన చెప్పిన మాట ఒకటుంది: మనిషికి ఉన్న టైమూ, ఓపికా, సమాచారమూ కొంతే కాబట్టి, "ఇంత ఉంటే చాలు" అని ఒక గీత గీసుకుని ఆ గీత దాటిన మొదటిదాన్ని తీసుకోవడమే తెలివైన పని. నీ గీత ఇలా ఉండొచ్చు: రోజంతా ఆన్‌లైన్ క్లాసులకు బ్యాటరీ ఆగాలి, కనీసం 128 జీబీ ఉండాలి, ఇంకా కొన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ చెప్పి ఉండాలి. ఈ మూడూ ఉన్నది దొరికిన రోజు కొనెయ్, తర్వాత వారం దాకా ఇంకో ఫోన్ రివ్యూ తెరవకు.

రివ్యూల్లో ఐదు చుక్కలవీ ఒక చుక్కవీ వదిలేసి రెండు, మూడు చుక్కలవి చదువు. ఆరు నెలలు వాడాక రాసినవైతే మరీ మంచిది, ఎక్కడ వేడెక్కుతోందో, ఛార్జింగ్ పిన్ ఎప్పుడు వదులైందో వాళ్లే చెప్తారు. ఇక "రెండే మిగిలాయి" సంగతి. లేని తొందర పుట్టించడం, అడగనిది కార్ట్‌లో దూర్చడం లాంటివి అన్యాయమైన పద్ధతులని కేంద్రం 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తులు) మార్గదర్శకాలు తెచ్చింది. నిజంగా మోసపోతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని 1915కి ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ప్రశ్న: మా ఆవిడ ఇరవై ఏళ్లుగా అదే టీ పొడి, అదే నూనె. పక్కవాటి వైపు చూడనే చూడదు. ఇది బద్ధకం కాదా?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, కాకినాడ

జవాబు: కాదండీ. నెల నెలా కొనే సరుకులన్నిటికీ పోటీ పరీక్ష పెట్టుకుంటే ఇల్లు నడవదు. రుచి కుదిరింది, ఒంటికి పడింది, ఇక వెతకడం ఎందుకు? ఆవిడ చేస్తున్నది సబబే. మీరు సాయం చేయాలనుకుంటే ఒక్క పని చేయండి, ప్యాకెట్ మీద బరువు చూడండి. నూనె ప్యాకెట్లు ఒకప్పటిలా అన్నీ లీటరు ఉండటం లేదు, పక్కపక్కనే 1 లీటరు ప్యాకెట్, 850 మిల్లీలీటర్ల ప్యాకెట్ ఒకే సైజులో కనిపిస్తాయి. ఎంఆర్‌పీ దగ్గర్లోనే యూనిట్ సేల్ ప్రైస్ అని చిన్న అక్షరాల్లో గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో వేస్తారు. కళ్లజోడు పెట్టుకుని ఆ అంకె చదివి ఆవిడకి చెప్పండి. ఏది కొనాలో ఆవిడకే వదిలేయండి.