లెదరెట్ అంచులు మళ్లీ లేస్తుంటే ఏ జిగురు వాడాలి

పెంటాక్స్ కే1000 ఫిల్మ్ కెమెరా లెదరెట్‌ను (బాడీ మీది కృత్రిమ తోలు పొరను) ఫెవిక్విక్‌తో అంటించినా అంచులు లేస్తున్నాయంటే, కారణం చాలావరకు కింద మిగిలిపోయిన పాత జిగురే. కొత్తది లోహాన్ని పట్టుకోదు, పొడిబారిన ఆ పొరనే పట్టుకుంటుంది. పైగా ఫెవిక్విక్ ఎండాక పెళుసుగా విరుగుతుంది, దాని ఆవిరి వ్యూఫైండర్ అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. దయచేసి ఇక వాడకండి. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు తెచ్చుకోండి.

1. పాత ఏటీఎం కార్డు అంచుతో లెదరెట్‌ను మెల్లగా లేపండి.

2. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్ బడ్‌తో పాత జిగురు మెత్తబరిచి, చెక్కపుల్లతో గీకండి. గట్టిపడ్డ ఫెవిక్విక్ ఆల్కహాల్‌కు కరగదు, గీకే తీయాలి. తెల్లగుడ్డతో తుడిస్తే గోధుమరంగు మరక రాకూడదు. లెదరెట్ వెనకవైపు కూడా ఇంతే. అసిటోన్ వద్దు, ప్లాస్టిక్, పెయింట్ పాడవుతాయి.

3. కెమెరా లోహానికి, లెదరెట్ వెనకవైపుకి, రెండింటికీ కొత్త జిగురు పల్చగా రాయండి. స్క్రూ తలల మీద మాత్రం వద్దు, రేపు ఎవరో ఒకరు వాటిని విప్పాల్సిందే.

4. చాలామంది వదిలేసేది ఇదే: 10-15 నిమిషాలు ఆగాలి. వేలితో తాకితే జిగురు వేలికి అంటకూడదు. తడిగా ఉండగానే అతికిస్తే లోపలి ద్రావకం బయటికి పోలేక లెదరెట్ ఉబ్బుతుంది, అంచులు ముందుగా ఊడతాయి.

5. ఒక అంచు సరిగ్గా కుదిర్చి, అక్కడి నుంచి బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి. అంటాక జరపడం కుదరదు.

రాత్రంతా కదపకుండా ఉంచండి.