డ్రైవర్లు కంపెనీలో నిలబడేది జీతం చూసా, పైవాళ్ళ తీరు చూసా?

జీతం ముఖ్యమా, పైవాళ్ళు నడుచుకునే తీరు ముఖ్యమా, దానికీ సేఫ్టీకీ లింకేంటి అని అడిగారు కదా. బెంగళూరులో ఐటీ ఆఫీసులకి స్టాఫ్ బస్సులు తిప్పే ఒక కాంట్రాక్టర్ దగ్గర కొన్నేళ్ళు ట్రిప్ షీట్లు రాశాను, అక్కడ చూసింది చెప్తా. జీతం టైముకి పడకపోతే ఎంత తియ్యగా మాట్లాడినా ఎవడూ ఉండడు, అది వేరే సంగతి. జీతం అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే అయినప్పుడు మాత్రం, బండిలో తేడా ఉందన్న డ్రైవర్‌కి ఏం జవాబు వచ్చిందన్న దాని మీదే అంతా ఉంటుంది.

మా దగ్గర మదనపల్లె ఆయన ఒకరు, పొద్దున్నే బండి స్టార్ట్ చేసి ఎయిర్ ప్రెషర్ ఎక్కట్లేదు, బ్రేక్ నమ్మలేం, తియ్యను అన్నాడు. సూపర్‌వైజరేమో "రాత్రి వేరేవాడు తిప్పాడు కదా, నీకొక్కడికే వచ్చిందా" అని అందరి ముందూ అనేసి ఆబ్సెంట్ వేశాడు. ఆయన గొడవేం పెట్టుకోలేదు, నెల జీతం తీసుకుని వెళ్ళిపోయాడు, వెనకే ఇంకొందరు. ఉన్నవాళ్ళు కంప్లైంట్ బుక్‌లో రాయడమే మానేశారు, ఏ పేజీ తిప్పినా ఓకే, ఓకే, ఆ బుక్ చూస్తే బండ్లన్నీ నిన్ననే షోరూమ్ నుంచి వచ్చాయనుకోవాలి.

తర్వాత వచ్చిన మేనేజర్ తెల్లారకముందే యార్డ్‌కి వచ్చి బుక్ చూసి, రాసినవాడి దగ్గరికే వెళ్ళి "అన్నా, పార్ట్ గురువారం వస్తది, అప్పటిదాకా ఈ బండి గేటు దాటదు" అని చెప్పేవాడు, అంతే. ఇంకోటి, మావాళ్ళు చాలామంది అనంతపురం, చిత్తూరు వైపు, కన్నడ గలగలా మాట్లాడతారు కానీ చదవడం రాదు, వాట్సాప్‌లో కన్నడ సర్క్యులర్ వస్తే చూసి వదిలేసేవాళ్ళు. డైవర్షన్ ఎక్కడ, సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర నీళ్ళు నిలిచాయా అన్నవి ఈయన తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టించాడు. అప్పట్లో ఉన్న 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం మామూలుగా డ్యూటీ రోజుకి 8 గంటలు, వారానికి 48 ఉండేది, నైట్ దింపి వచ్చినవాణ్ణి మళ్ళీ పొద్దున పికప్‌కి "అడ్జస్ట్ చేసుకో" అనడం కూడా ఆయన వచ్చాకే తగ్గింది. పోయినవాళ్ళలో ఒకరిద్దరు తిరిగొచ్చారు కూడా.

బెంగళూరు సిటీ బస్సులు నడిపే ప్రభుత్వ సంస్థ బీఎంటీసీ కాంట్రాక్ట్ ఎలక్ట్రిక్ బస్సుల్లో ఇది ఇంకా చిక్కు, డ్రైవర్ ప్రైవేట్ కంపెనీ మనిషి, కండక్టర్ బీఎంటీసీ మనిషి, కంపెనీకి డబ్బు వచ్చేది కిలోమీటర్ లెక్కన. బండి ఆపమంటే ఆదాయం ఆగినట్టే, అలాంటిచోట డ్రైవర్ మాటకి విలువ ఇచ్చే మనిషి కచ్చితంగా ఉండాలని నా అభిప్రాయం.

మీరు ఎక్కడైనా చేరేముందు పాత కంప్లైంట్ బుక్ చూపించమనండి, రిపేర్ చేసినవాడి సంతకం, తేదీ ఉన్నాయేమో చూడండి. చూపించకపోతే గేటు బయట టీ కొట్టు దగ్గర డ్రైవర్లని కదిలించండి, అన్నీ వాళ్ళే చెప్తారు.