కాల్ ఫార్వర్డ్ పెడితే ఫోన్ ఎక్కడ మోగుతుంది?

నా ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా ఫార్వర్డింగ్, అంటే నా నంబరుకు వచ్చే కాల్స్‌ని వేరే నంబరుకు మళ్లించడం, పని చేస్తుందా అని ఒకరు అడిగారు. చేస్తుంది. అది మీ ఫోన్‌లో కాదు, నెట్‌వర్క్‌లో మీ నంబరు మీద నమోదై ఉంటుంది. ఫోన్ పగిలిపోయినా సరే, కాల్ రెండో నంబరుకే పోతుంది.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది నాన్న విషయంలో. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు కాల్స్ అన్నీ నాకు వచ్చేలా పెట్టాను. ఇంటికి తీసుకొచ్చాక తీసేయడం మర్చిపోయాను. ఆయనేమో ఫోన్ దిండు పక్కనే పెట్టుకుని పడుకునేవారు. స్నేహితులు ఆయనకు చేస్తే ఆఫీసులో నా ఫోన్ మోగేది. తెర మీద కనిపించేది చేసినవాళ్ల నంబరే కాబట్టి, నాకే చేశారనుకుని "బాగానే ఉన్నారండీ" అని పెట్టేసేవాణ్ణి. నేను నాన్నకు చేస్తే ఎప్పుడూ బిజీ. ఎవరితోనో మాట్లాడుతున్నారులే అని సంతోషించాను కూడా. నా కాల్ తిరిగి నా నంబరుకే వస్తోందని తట్టలేదు.

ఐదో రోజు సాయంత్రం ఆయన గోడవైపు తిరిగి, "ఒక్కడూ ఫోన్ చెయ్యలేదురా" అన్నారు. ఫోన్ తీసి చూస్తే మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. ఉండదు మరి, అన్ని కాల్స్ మళ్లించే పద్ధతిలో అసలు ఫోన్‌కు కబురే చేరదు. కొన్ని ఫోన్లలో పైన చిన్న బాణం గుర్తు వస్తుంది. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయనకు అదేం కనిపిస్తుంది? ఆ రాత్రి ఎవరెవరు చేశారో గుర్తు తెచ్చుకుని ఒక్కొక్క పేరే చెప్పాను. ప్రతి పేరుకూ "వాడు చేశాడా!" అని లేచి కూర్చున్నారు.

నా దృష్టిలో ఆ "అన్ని కాల్స్" ఆప్షన్ ఎవరికీ అక్కర్లేదు, తీసేయాలి. ఎత్తకపోతేనో, అందుబాటులో లేకపోతేనో మళ్లేలా పెట్టుకోండి. ఎత్తకపోతే ఎంతసేపటికి మళ్లాలో 5 నుంచి 30 సెకన్ల మధ్య ఎంచుకోవచ్చు. ముందు మీ ఫోనే మోగుతుంది. చాలా నెట్‌వర్క్‌లలో *#21# కొడితే అన్ని కాల్స్ మళ్లుతున్నాయో లేదో తెలుస్తుంది, ##002# కొడితే ఫార్వర్డింగ్‌లన్నీ పోతాయి. పని చేయకపోతే కాల్ సెట్టింగ్స్‌లో వెతకాలి. దాన్ని మూడు మెనూల కింద ఎందుకు దాస్తారో మాత్రం నాకు అర్థం కాదు.

ఎవరైనా ఫోన్ చేసి *21* తోనో **21* తోనో మొదలయ్యే నంబరు కొట్టమంటే కొట్టకండి. మీకు రావాల్సిన కాల్స్ వాళ్ల నంబరుకు మళ్లి, వాళ్లు ఎత్తుతారు, ఫోన్‌లో చెప్పే ఓటీపీలతో సహా. మెసేజ్‌లు మాత్రం మళ్లవు, మీ ఫోన్‌కే వస్తాయి.