హవ్వ ఒక్కతే తిన్నదా?

ప్రశ్న: రిటైరయ్యాక వచ్చిన డబ్బులో ఆరు లక్షలు మా మామగారు మా ఉమ్మడి ఖాతాలో వేశారు. ఇద్దరు ఆడపిల్లల చదువుకు తప్ప ముట్టుకోవద్దని వాళ్ళబ్బాయితో చెప్పారు. నేను వంటింట్లోంచి విన్నాను. తెలిసినావిడ చీటీలో పెడదామని అడిగింది నేనే. ఇద్దరమూ సంతకాలు చేసి డబ్బు తీశాం. ఆవిడ ఊరు విడిచి పోయింది. ఇప్పుడు మావారు గృహ ప్రార్థన కూటంలో కూడా ‘ఆదాముకు హవ్వ, నాకు ఈమె’ అంటున్నారు. తప్పంతా నాదేనా? ఈ పాపం పిల్లలకు తగులుతుందా?

జవాబు: అమ్మా, మీవారు ఆదికాండాన్ని సాక్ష్యానికి పిలిచారు కనుక ముందు ఆ సాక్షినే విచారిద్దాం. మూడో అధ్యాయం ఆరో వచనం తీయండి. ‘తనతోపాటు తన భర్తకును ఇచ్చెను’ అని మన తెలుగు బైబిల్లో ఉంది. చదివితే ఆమె ఎక్కడో తిని, తర్వాత తెచ్చి ఆయన చేతిలో పెట్టినట్టు తోస్తుంది. హీబ్రూ మూలంలో భర్త అన్న మాట పక్కనే ‘ఇమ్మాహ్’ అని ఉంది. అంటే, ఆమెతో ఉన్న భర్త. సర్పం కూడా ‘మీరు చావనే చావరు’ అని బహువచనంలోనే మాట్లాడింది. ఆయన అక్కడే నిలబడి అంతా విని, నోరు మెదపకుండా చెయ్యి చాపాడనే నాకు అనిపిస్తుంది. పైగా తినవద్దన్న ఆజ్ఞ రెండో అధ్యాయంలోనే వచ్చింది. అప్పటికి హవ్వ లేనే లేదు. నేరుగా విన్నవాడు ఆదామే. మీ ఇంట్లో మామగారి మాట నేరుగా విన్నదెవరో మీరే రాశారు.

‘నీవు నీ భార్యమాట విని’ అని దేవుడే అన్నాడు కదా అని మీవారు పదిహేడో వచనం చూపించవచ్చు. చూపించనివ్వండి. ఆదాము మీద మోపిన నేరమే అది. ఆ మాట అని ఆయనను వదిలిపెట్టలేదు, ఆయన నిమిత్తం నేలను శపించాడు. ‘నా యెముకలలో ఒక యెముక’ అని మురిసిపోయిన మనిషి అధ్యాయం తిరిగేసరికి ‘నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే’ అంటాడు. భార్యతోపాటు ఇచ్చినవాడినీ ఒక్క వాక్యంలో ఇరికించాడు!

ఇక మీ సంగతి. నాలుగు పేజీల ఉత్తరంలో రెండున్నర పేజీలు చీటీ ఆవిడ తియ్యటి మాటల గురించే రాశారు. హవ్వ కూడా సర్పం మోసం చేసిందనే చెప్పింది. అది అబద్ధమేమీ కాదు. దేవుడు సర్పాన్ని సంజాయిషీ కూడా అడగకుండా శపించాడు. అయినా హవ్వ వంతు శిక్ష హవ్వకు ఉండనే ఉంది. ముగ్గురికీ వేరువేరు తీర్పులు, ఒకరిది ఇంకొకరి ఖాతాలోకి మారలేదు. ఇంకొకటి చూడండి. శాపమన్న మాట సర్పానికీ నేలకూ వాడాడు. ఆ దంపతులకు కష్టం చెప్పాడు గాని శపించబడ్డారని అనలేదు. పంపించేముందు ఇద్దరికీ చర్మపు చొక్కాయిలు తొడిగించాడు.

పిల్లల భయానికి యెహెజ్కేలు 18వ అధ్యాయం చదవండి. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయన్న సామెత ఇకమీదట పలకవద్దని దేవుడే అంటాడు. నిర్గమకాండం 20లోని ‘మూడు నాలుగు తరముల’ మాట మిమ్మల్ని భయపెడుతుంటే, అది ‘నన్ను ద్వేషించువారి’ గురించి అన్నదని గమనించండి. తర్వాతి వచనంలో కరుణ వెయ్యి తరాలకు. మీ ఆడపిల్లలకు నిజంగా తగులుతున్నవి రెండు: ఫీజుల లోటు, రాత్రిపూట గోడ అవతలినుంచి వినబడే మీ మాటలు.

రిజిస్టర్ చేయని చీటీలు నడపడం 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నేరం. రసీదులు, ఫోనులోని సందేశాలు తీసుకుని ఇద్దరూ పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యం చేయవద్దు.

తర్వాత మామగారి దగ్గరికి కలిసి వెళ్ళండి. ‘అడిగింది నేను’ అని మీరు చెప్పండి. ‘మీరు నాతోనే చెప్పారు, అయినా సంతకం పెట్టాను’ అన్నది ఆయన చెప్పాల్సిన మాట. ఆయన చెప్పకపోతే మీరు అందించవద్దు, మీది చెప్పి ఊరుకోండి. వెళ్ళేముందు డబ్బు తీసిన కాగితం నకలు బ్యాంకులో అడిగి తెచ్చుకోండి. దాన్ని పెద్దాయనకు చూపించనక్కరలేదు. మీరిద్దరూ ఒకసారి ఎదురుగా పెట్టుకుని చూస్తే చాలు.