టెక్సాస్‌లో కొన్న గన్, న్యూజెర్సీకి ప్రయాణం

(అమెరికాలోని తెలుగువారి చట్టపరమైన సందేహాలకు అక్కడ ప్రాక్టీస్ చేస్తున్న తెలుగు న్యాయవాది సమాధానాలు)

ప్రశ్న: మేడమ్, చాలా ఏళ్లుగా ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకూ మా ఆవిడకీ గ్రీన్ కార్డ్ ఉంది. ఇంటి రక్షణ కోసం గ్లాక్ 19 కొన్నాను. టెక్సాస్‌లో పర్మిట్ అక్కర్లేదని తీసుకోలేదు. గన్ కారులోనే ఉంటుంది, పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపేటప్పుడు కూడా. ఇప్పుడు ఉద్యోగం మారి ఎడిసన్ వెళ్తున్నాం. కారులోనే బయల్దేరుతున్నాం. గన్ వెంట తీసుకెళ్లొచ్చా? అక్కడికి వెళ్లాక ఏమైనా చేయించుకోవాలా?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: బయల్దేరకముందే అడిగారు, చాలా సంతోషం. ఈ ప్రశ్న నా దగ్గరికి ఎక్కువగా అరెస్టయ్యాక వస్తుంది. అప్పుడు నేను చేయగలిగింది తక్కువ.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం అనర్హులు కానివాళ్లు పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. ఆ వెసులుబాటు టెక్సాస్ సరిహద్దు దాకానే. డ్రైవింగ్ లైసెన్స్ ఒకచోట తీసుకుంటే దేశమంతా చెల్లుతుంది కదా, గన్ కూడా అంతేనని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. అంతే కాదు. ఏ రాష్ట్రంలో అడుగుపెడితే అక్కడి చట్టమే మీకు వర్తిస్తుంది. మామూలుగా వెళ్లే దారి చూడండి. ఆర్కన్సా, టెన్నెస్సీ దాటి వర్జీనియాలో ఇంటర్‌స్టేట్ 81 పట్టుకుని వెళ్తే వెస్ట్ వర్జీనియా, మేరీల్యాండ్, పెన్సిల్వేనియా వస్తాయి. అక్కడి నుంచి ఇంటర్‌స్టేట్ 78 మీద న్యూజెర్సీ. టెన్నెస్సీలో మీకు ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు. మేరీల్యాండ్‌లో ఆ రహదారి పట్టుమని పదిహేను మైళ్లు కూడా ఉండదు, కానీ గన్ లోడ్ చేసి పక్కన పెట్టుకుని వెళ్తుంటే ఆ కాస్త దూరంలోనే మీరు నేరం చేసినట్టు.

ఇలా రాష్ట్రాలు దాటేవాళ్ల కోసం 1986 నాటి ఫెడరల్ చట్టంలో ఒక రక్షణ ఉంది. బయల్దేరిన చోటా, చేరబోయే చోటా ఆ గన్ మీ దగ్గర ఉండటం చట్టబద్ధమై ఉండాలి. గన్‌లో తూటాలు ఉండకూడదు. గన్ గానీ తూటాలు గానీ సీట్లో కూర్చున్నవాళ్ల చేతికి అందకూడదు. సెడాన్ అయితే ట్రంక్‌లో పెట్టండి. ఎస్‌యూవీ, మినీవ్యాన్ లాంటి వాటిలో వెనక భాగానికీ సీట్లకూ మధ్య అడ్డు ఉండదు కాబట్టి తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. గ్లవ్ బాక్స్, మధ్యలో ఉండే కన్సోల్ తాళం వేసినా పనికిరావు. ఇది చాలామందికి తెలియదు.

రాత్రి బస విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒక వ్యక్తికి న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో కనెక్టింగ్ ఫ్లైట్ తప్పింది. గన్ ఉన్న సూట్‌కేస్‌ను ఆయన చేతికిచ్చేశారు. దాంతోనే హోటల్‌లో రాత్రి ఉండి, మర్నాడు ఎయిర్‌పోర్టులో నా దగ్గర గన్ ఉందని తనే చెప్పాడు. అరెస్ట్ చేశారు. తర్వాత కేసు ఎత్తేశారు గానీ, నష్టపరిహారం కోసం ఆయన వేసిన దావా నిలవలేదు. హోటల్‌లో గన్ ఆయన చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఆ ఫెడరల్ రక్షణ వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు చెప్పింది. అందుకే మీ బసలు టెన్నెస్సీలోనో వర్జీనియాలోనో పెట్టుకోండి. మేరీల్యాండ్‌లో స్నేహితుల ఇంట్లో రెండు రోజులు ఉండి వెళ్దామనే ఆలోచన ఉంటే, ఈసారికి మానుకోండి.

ఇక న్యూజెర్సీ. వేరే రాష్ట్రం ఇచ్చిన క్యారీ పర్మిట్, అంటే గన్ వెంట పెట్టుకుని తిరిగే అనుమతి, ఏదీ అక్కడ చెల్లదు. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి, పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది కదా అన్న ధైర్యంతో గన్ పెట్టుకుని నది దాటి న్యూజెర్సీలోకి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు ఆపితే, నా దగ్గర గన్ ఉందని నిజాయితీగా తనే చెప్పింది. అదే నేరమైంది. కొన్ని వారాలు జైల్లో ఉంది. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చాకే ఆమె పూర్తిగా బయటపడింది. అక్కడ పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ వెంట ఉంచుకుంటే 5 నుంచి 10 ఏళ్ల శిక్ష పడే నేరం. అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా జైల్లో ఉండాలనేది అక్కడి కఠిన నిబంధన.

మీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఇంకో ప్రమాదం కూడా ఉంది. నాకు ఎక్కువ దిగులు దీని గురించే. ఇమ్మిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకు విడిగా ఒక క్లాజు ఉంది. చట్టవిరుద్ధంగా గన్ కొన్నారనో, దగ్గర ఉంచుకున్నారనో, వెంట తీసుకెళ్లారనో శిక్ష పడితే డిపోర్టేషన్‌కు అదొక్కటే చాలు. ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయింది, పిల్లలు ఇక్కడే పుట్టారా అన్నది ఆ క్లాజుకు అనవసరం. సిటిజన్ అయిన మీ కొలీగ్‌కు జైలుతో పోయేది, మీకు ఈ దేశమే లేకుండా చేయగలదు. అందుకే "మా ఫ్రెండ్ ఎప్పుడూ అలాగే తీసుకెళ్తాడు, ఏమీ కాలేదు" అన్న మాట వినకండి.

మీ గ్లాక్ 19తో వచ్చే మామూలు మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. న్యూజెర్సీలో పరిమితి 10. ఆ పరిమితి మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి గానీ, మీ కుటుంబాన్ని పెట్టి ఆ కేసు ఎలా తేలుతుందో చూడక్కర్లేదు. పెద్ద మ్యాగజైన్లు టెక్సాస్‌లోనే అమ్మేసి, 10 తూటాలవి కొనుక్కోండి. హాలోపాయింట్ తూటాలను (కొన బోలుగా ఉండి, తగలగానే విచ్చుకునేవి) వెంట తీసుకెళ్లడం మీద కూడా అక్కడ ఆంక్షలున్నాయి, అవి తేకండి. చేరాక 60 రోజుల్లోగా గన్ రిజిస్టర్ చేయించి, ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డుకు (గన్ కొనేవాళ్లకు న్యూజెర్సీ ఇచ్చే గుర్తింపు కార్డు) అప్లై చేయాలి. మీ ఊరి పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో అడిగితే పద్ధతి చెబుతారు. ఆ గన్ ఇంట్లో ఉంటుంది, అంతే. కారులో పెట్టుకుని తిరగాలంటే న్యూజెర్సీ క్యారీ పర్మిట్ విడిగా రావాలి. సుప్రీంకోర్టు 2022లో న్యూయార్క్ కేసులో తీర్పు ఇచ్చాక, "నాకు ప్రత్యేకమైన అవసరం ఉంది" అని రుజువు చేసుకోవాల్సిన పని పోయింది. శిక్షణ, రిఫరెన్సులు, ఫీజు మాత్రం తప్పవు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఇంకొకటుంది, పిల్లల్ని దింపేటప్పుడు కూడా గన్ కారులో ఉంటుందని. స్కూలుకు 1,000 అడుగుల లోపు గన్ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. స్కూలున్న రాష్ట్రం లైసెన్స్ ఇచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది. మీరు లైసెన్స్ తీసుకోలేదు కాబట్టి ఆ మినహాయింపు మీకు లేదు. టెక్సాస్ ఇప్పటికీ క్యారీ లైసెన్సులు ఇవ్వడానికి ఇది ఒక కారణం. వెళ్లేదాకా, స్కూలుకు వెళ్లే పొద్దున గన్ ఇంట్లో తాళంలో ఉంచండి.

ప్రశ్న: నేను హెచ్-1బి మీద ఉన్నాను. నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చారు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ పట్టిన ముచ్చట్లు చెబుతుంటారు. ఈ శనివారం ఆయన్ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాను. జార్జియాలో రూల్స్ చాలా ఈజీ అంటున్నారు, నిజమేనా?
- ఆల్ఫరెట్టా పాఠకుడు

జవాబు: జార్జియా చట్టం ఈజీగానే ఉంటుంది బాబూ, కానీ మీకు అడ్డం వచ్చేది ఫెడరల్ చట్టం. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు, అంటే హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 ఏదైనా సరే, గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో పదినిమిషాలు అద్దెకు తీసుకున్నా అదే లెక్క. గరిష్ఠ శిక్షను 2022లో 15 ఏళ్లకు పెంచారు. మీ పరిస్థితి తెలిసీ గన్ చేతికిచ్చిన గ్రీన్ కార్డ్ ఫ్రెండ్ కూడా చిక్కుల్లో పడతాడు.

స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చి, యూనివర్సిటీ తీసేశాక కూడా ఉండిపోయిన ఒక యువకుడు రేంజ్‌కి వెళ్లి గన్ పేల్చినందుకే కేసులో ఇరుక్కున్నాడు. 2019లో సుప్రీంకోర్టు, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని చెప్పింది. మీ వీసా ఏమిటో మీకు తెలుసు కాబట్టి ఆ తీర్పు మిమ్మల్ని కాపాడదు.

మినహాయింపు ఒకటుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండాలి. వేటకు వెళ్లే ఉద్దేశం నిజంగా ఉంటే లాయర్‌తో మాట్లాడి ఆ దారి చూడండి. ఒక్క శనివారం సరదా కోసం మాత్రం వద్దు. రేంజ్‌లో సంతకం పెట్టమని ఇచ్చే ఫారం చదవకుండా మనవాళ్లు సంతకం పెట్టేస్తుంటారు. మీరు వీసా మీద లేరని అందులో ఉంటే, అబద్ధం మీద సంతకం పెట్టినట్టే. నాన్నగారిని ఇంకెక్కడికైనా తీసుకెళ్లండి.

ప్రశ్న: డల్లాస్ దగ్గర మా గుడికి కొందరు భక్తులు నడుముకు గన్‌తో వస్తున్నారు. పిల్లలు చూసి భయపడుతున్నారు. వద్దని కమిటీ చెప్పొచ్చా?
- ఆలయ కమిటీ సభ్యురాలు

జవాబు: చెప్పొచ్చు. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రార్థనా స్థలాలు ప్రత్యేక నిషేధ జాబితాలో లేవు. మీరు నోటీసు ఇవ్వకపోతే అనుమతి ఉన్నట్టే. గోడ మీద గన్ బొమ్మకు గీత కొట్టి అంటించిన కాగితాన్ని నమ్ముకోకండి. శిక్షాస్మృతిలో 30.05, 30.06, 30.07 అని మూడు సెక్షన్లున్నాయి. మొదటిది లైసెన్స్ లేకుండా తెచ్చేవాళ్లకు, రెండోది లైసెన్స్ ఉండి దాచి తెచ్చేవాళ్లకు, మూడోది లైసెన్స్ ఉండి బయటికి కనిపించేలా తెచ్చేవాళ్లకు. మీకు మూడూ కావాలి. చట్టంలో ఉన్న మాటలనే యథాతథంగా ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, వెనక రంగు మీద స్పష్టంగా కనిపించేలా రాయించి ప్రతి గుమ్మం దగ్గరా పెట్టండి. నోటీసు పెట్టే ముందు కమిటీ తీర్మానం చేసి మినిట్స్‌లో రాసుకోండి. పండగ రోజుల్లో సెక్యూరిటీకి డ్యూటీలో లేని పోలీసును పెట్టుకుంటే, ఈ నోటీసుల సంగతి ఆయనకు ముందే చెప్పి ఉంచండి.